పరుగుకొక సాకు

మన ఊళ్లలో తెల్లవారుజాము ఎప్పుడూ ఆడవాళ్లదే. కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, పాలు పితికి, బిందె తీసుకుని బావికో చెరువుకో వెళ్లి వచ్చేసరికి తూరుపు తెల్లబడేది. మగవాళ్లు నిద్ర లేచే వేళకి పొయ్యి మీద నీళ్లు కాగుతుండేవి. ఈ దృశ్యాన్ని వర్ణించిన కవులకు మనకు కొదవ లేదు. ముగ్గు అందం గురించి రాశారు, బిందె మోసే నడుము గురించి రాశారు. ఆ వేళ ఆమె వీధిలో ఎంతసేపు ఉండొచ్చు, ఎంత దూరం పోవచ్చు, పని అయిపోయాక ఇంకో పది నిమిషాలు ఊరికే నిలబడితే ఎవరేమంటారు అన్న సంగతి గురించి రాసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ చీకటి వేళకు ఇంకో అవసరం కూడా ఉండేది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు వెలుగు రాకముందే చెంబులు పట్టుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి, ఊరి చివర తుమ్మచెట్ల వైపు వెళ్లేవాళ్లు. దారిలో ఎవరైనా మగమనిషి వస్తే చప్పున లేచి నిలబడాలి. తెల్లారిపోతే మళ్లీ చీకటి పడేదాకా ఆగాలి. ఆ నడకలో కబుర్లుండేవి, నవ్వులుండేవి, అత్తల మీద ఫిర్యాదులుండేవి. ఇంట్లో వినపడకూడని మాటలన్నీ ఆ తుమ్మచెట్లకు తెలుసు. కానీ దాన్ని ఎవరూ షికారు అనలేదు. ఆడది బయటికి వచ్చిందంటే పని ఉండి వచ్చింది, లేదా శరీరం ఆగక వచ్చింది. మూడో కారణం లేదు.

చరిత్ర పాఠం చెప్పుకుని బతికేదాన్ని కనుక ఈ మూడో కారణం ఎప్పుడు పుట్టిందా అని నాకు చాలా కాలంగా ఆసక్తి. ఇవాళ హైదరాబాదులో ఏ పార్కుకు వెళ్లినా పొద్దున్నే వందలమంది ఆడవాళ్లు కనిపిస్తారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కాన్వాసు బూట్లతో నడిచే పెద్దవాళ్లు, చున్నీ నడుముకి బిగించిన నడివయసువాళ్లు, ట్రాక్ ప్యాంటు, టీషర్టు వేసుకుని చెవుల్లో పాట పెట్టుకుని పరిగెత్తే పిల్లలు. దీన్ని చూసి, చాలా దూరం వచ్చాం అని సంతోషపడే మిత్రులున్నారు. నాకూ సంతోషమే. అయితే ఈ దూరం ఏ దారిన వచ్చాం, ఎవరు రాగలిగారు, ఎవరు ఇంకా రాలేదు అన్నది కూడా మన చరిత్రలో భాగమే కదా.

నగరంలో ఉద్యానవనం అంటేనే మొదట్లో మగవాళ్ల వ్యవహారం. ఉర్దూలో 'హవాఖోరీ' అని చక్కని మాట ఉంది. గాలి తినడం, అంటే చల్లగాలికి తిరగడం. హైదరాబాదు నవాబులు, జాగీర్దార్లు, ఆ తర్వాత ఉద్యోగులు, వకీళ్లు సాయంత్రాలూ ఉదయాలూ గాలి తినేవారు. వాళ్ల ఇళ్ల స్త్రీలు బయటికి వెళ్లినా బగ్గీలకూ మోటార్లకూ తెరలు కట్టేవారు. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌కి ఉర్దూలో బాగ్-ఎ-ఆం అని పేరు. ఆం అంటే సామాన్య ప్రజలు. ఆ ప్రజల్లో ఆడవాళ్ల వాటా ఎంత? ఢిల్లీ దరియాగంజ్‌లో ఆడవాళ్ల కోసమే పర్దాబాగ్ అని విడిగా ఒక తోట ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లోనే మొదలై, 1946లో ఎగ్జిబిషన్ మైదానానికి మారిన మన నుమాయిష్‌లో ఒక రోజును ప్రత్యేకంగా మహిళలకు కేటాయించడం ఆనవాయితీ అయింది. నిజానికి ఎంతోమంది ఆడవాళ్లకు ఆ రోజే పండగ. గోడ కట్టిన తోట, కేటాయించిన రోజు రెండూ మేలు చేశాయి, కాదనను. కానీ అవే ఒక సంగతి చెప్పకనే చెబుతున్నాయి. గోడ అవతలి తోటంతా, మిగిలిన రోజులన్నీ ఎవరివో అందరికీ తెలుసు.

కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీని తలుచుకుంటే ఈ కథ ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఆ భవనంలోకి మారింది. ఒకప్పుడు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నిసా కోసం జెనానా కట్టించిన ఆవరణ అది. ఆ ఆవరణలో తర్వాత ఆడపిల్లలు చదువుకున్నారు, ఆడుకున్నారు, పందేలు వేసుకుని పరిగెత్తారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమై, ఆ తర్వాత చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. గోడ లోపల పరిగెత్తడం నేర్చుకున్న ఆ పిల్లలు గేటు దాటి కోఠీ బజారులోకి రాగానే మళ్లీ తల వంచుకుని నడిచారు. గోడ లోపలి పరుగుకూ వీధిలోని పరుగుకూ మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసానికి మూలం.

ఆడవాళ్ల పరుగు మీద అభ్యంతరం మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు 800 మీటర్ల పందెం పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. మర్నాటి పత్రికలు ఆ సంగతి కన్నా, పందెం చివర ఆడవాళ్లు సొమ్మసిల్లి పడిపోయారని ఎక్కువ రాశాయి. తుది పందెంలో పరిగెత్తిన తొమ్మిదిమందీ పందెం పూర్తి చేశారని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. 1960 దాకా ఒలింపిక్స్‌లో స్త్రీలకు 200 మీటర్లు దాటిన పరుగు లేకుండా చేశారు. పరిగెత్తి ఆయాసపడిన మగవాడు వీరుడు. ఆయాసపడిన ఆడది అబల. ఎక్కువ దూరం పరిగెడితే గర్భసంచి జారిపోతుందని, పిల్లలు పుట్టరని డాక్టర్లే చెప్పిన కాలం అది.

1966లో బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు చేసిన బాబీ గిబ్‌కి, అంత దూరం పరిగెత్తడం ఆడవాళ్ల శరీరానికి సాధ్యం కాదని జవాబు వచ్చింది. ఆమె పందెం మొదలయ్యే చోట పొదల చాటున దాక్కుని, గుంపులో కలిసి, మూడు గంటల 21 నిమిషాల్లో పూర్తి చేసింది. మరుసటి ఏడాది కాథరిన్ స్విట్జర్ తన పేరులో పొడి అక్షరాలు మాత్రమే రాసి నంబరు సంపాదించింది. దారి మధ్యలో నిర్వాహకుడు ఒకాయన మీదపడి ఆ నంబరు చింపబోయిన ఫొటో ప్రపంచమంతా చూసింది. బోస్టన్‌లో ఆడవాళ్లను అధికారికంగా ఒప్పుకున్నది 1972లో. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ పెట్టింది 1984లో. పొద చాటు నుంచి ఒలింపిక్స్ దాకా రావడానికి 18 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలోనే, 1977లో, అమెరికాలో ముగ్గురు స్త్రీలు పరిగెత్తేటప్పుడు రొమ్ములు నొప్పెట్టకుండా ఒక లోదుస్తు కుట్టుకున్నారు. స్పోర్ట్స్ బ్రా పుట్టింది అలా. దీన్ని చిన్న విషయం అనుకునేవాళ్లు అది లేకుండా ఒక మైలు పరిగెత్తి చూడాలి.

మన దేశంలో తొలి తరం పరుగుల రాణుల పేర్లు చూడండి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100 మీటర్లలో రజతం గెలిచిన రోషన్ మిస్త్రీ, 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కి వెళ్లిన మేరీ డిసౌజా, నీలిమా ఘోష్, 1954 మనీలాలో రిలే స్వర్ణం తెచ్చిన క్రిస్టీన్ బ్రౌన్, స్టెఫీ డిసౌజా, వయొలెట్ పీటర్స్, మేరీ డిసౌజా. ఎక్కువమంది పార్సీ, గోవా క్రైస్తవ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఆడపిల్లలు. పొట్టి లాగు వేసుకుని నలుగురిలో పరిగెడితే పెళ్లి కాదన్న భయం వాళ్ల ఇళ్లలో కొంత తక్కువ. మిగిలిన కులాల ఆడపిల్లల కాళ్లలో బలం లేక కాదు. 1970లో బ్యాంకాక్‌లో 400 మీటర్ల స్వర్ణం గెలిచి, ఆసియా క్రీడల్లో విడిగా స్వర్ణం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ అయిన కమల్‌జీత్ సంధూ తర్వాతనే ఆ గీత కాస్త చెరిగింది.

నేను హైస్కూల్లో చదివింది ఆ దశాబ్దంలోనే. డ్రిల్లు పీరియడులో మగపిల్లలతో సమానంగా పరిగెత్తిన ఆడపిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోతుండేవాళ్లు. పెద్దమనిషి అయి పది రోజుల తర్వాత బడికి వచ్చిన పిల్ల ఇక డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్లేది కాదు. వేపచెట్టు కింద కూర్చుని మా పుస్తకాల సంచులకు కాపలా కాసేది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి చెట్టు కింద మేమంతా ఉన్నాం, మైదానంలో మగపిల్లలున్నారు. ఎవరూ మమ్మల్ని పరిగెత్తవద్దని నోటితో చెప్పలేదు. లంగా ఓణీయే చెప్పింది.

1984లో లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. పేపర్లో వచ్చిన ఆమె ఫొటోని కత్తిరించి గోడకు అంటించుకోని గది ఆ వరసలో లేదు. సన్నటి నల్లటి పిల్ల, కేరళలో పయ్యోలి సముద్రపొడ్డున ఇసకలో పరిగెత్తి అంతదూరం వెళ్లింది. తర్వాత అశ్వినీ నాచప్ప వచ్చింది. 1991లో ఆమే నటించిన 'అశ్విని' సినిమాను తెలుగువాళ్లు కుటుంబాలతో వెళ్లి చూశారు. తెర మీద పరిగెత్తే ఆడపిల్లకి చప్పట్లు కొట్టిన తండ్రులు మర్నాడు పొద్దున్నే తమ కూతుళ్లను వీధిలో పరిగెత్తనిచ్చారా? పతకం కోసం పరిగెడితే దేశం పేరు. పేరు కోసం కాక, ఊరికే, ఒళ్లు తేలికపడితే హాయిగా ఉంటుందని పరిగెడితే అది ఏ ఖాతాలో రాయాలి?

ఆ ఖాతా తెరిచింది ఉద్యమమూ కాదు, క్రీడా శాఖా కాదు. షుగరు, బీపీ. హైదరాబాదులో ఇందిరా పార్కు 1978లో తెరిచారు. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి 1998లో కె.బి.ఆర్. జాతీయ ఉద్యానవనమైంది. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు నగరంలో జరిగాయి. ఆ 2003లోనే పదివేల మీటర్ల వీధి పరుగు మొదలైంది. 2007లో హైదరాబాద్ రన్నర్స్ బృందం, 2011 నుంచి ఏటా మారథాన్. పైకి చూస్తే ఇదంతా నగరం పరిగెత్తడం నేర్చుకున్న చరిత్ర. మధ్యతరగతి ఇళ్లలో జరిగింది మాత్రం వేరు. నలభై దాటిన ఆడవాళ్ల చేతికి డాక్టరు చీటీ వచ్చింది. రోజూ నలభై అయిదు నిమిషాలు నడవాలి. ఎనభై ఏళ్ల కిందట పరిగెత్తితే గర్భసంచి జారుతుందన్న వృత్తే ఇప్పుడు నడవకపోతే కళ్లు పోతాయి, కిడ్నీలు పోతాయి అంది. వద్దన్నదీ వాళ్లే, వెళ్లమన్నదీ వాళ్లే.

2003లో నా చేతికీ అలాంటి చీటీ ఒకటి వచ్చింది. అప్పుడు నాకు 41 ఏళ్లు. అంతకుముందు ఎన్నిసార్లు తెల్లవారుజామున బయటికి వెళ్లి రావాలనుకున్నా పాలు, టిఫిను, పిల్లల స్కూలు బస్సు అడ్డం వచ్చేవి. చీటీ వచ్చిన మర్నాటి నుంచి ఇంట్లో అందరూ సర్దుకున్నారు. "డాక్టరు చెప్పాడట" అని మా అత్తగారే అందరికీ చెప్పింది. ఆ ఒక్క మాట నాకు పాస్‌పోర్టు అయింది. నా చుట్టుపక్కల ఆడవాళ్లను అడిగి చూశాను. దాదాపు అందరి పాస్‌పోర్టూ అదే. ఒకామెకు మోకాళ్లు, ఒకామెకు థైరాయిడ్, ఒకామెకు ఆపరేషన్ తర్వాత పెరిగిన బరువు. ఏ రోగమూ లేని ఆడమనిషి, "నాకు ఇష్టం, అందుకే వస్తున్నాను" అని చెప్పినది ఒక్కతే కనిపించింది. ఆమెకు పెళ్లి కాలేదు, ఒంటరిగా ఉంటుంది.

నడకకు దొరికిన అనుమతి పరుగుకు వెంటనే దొరకదు. నడకలో పొందిక ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి, కూరగాయల ధరలు మాట్లాడుకుంటూ, తిరిగి వచ్చేటప్పుడు కరివేపాకు, పాలప్యాకెట్లు తెచ్చుకుంటూ నడిస్తే అది ఇంటి పనికి కొనసాగింపులాగే ఉంటుంది. పరుగు అలా కాదు. ఒళ్లు కదులుతుంది, జుట్టు ఊడుతుంది, చెమట పడుతుంది, నోరు తెరుచుకుంటుంది. నేను మొదటిసారి మా వీధిలో పరిగెత్తిన రోజు కిరాణా కొట్టు పెద్దాయన షట్టర్ ఎత్తుతూ ఆపి, "ఏమ్మా, ఊళ్లో ఎవరికైనా బాగాలేదా?" అని అడిగాడు. ఆయనది నిజమైన ఆదుర్దాయే. ఆడది పరిగెడుతోందంటే ఎవరైనా చావు బతుకుల్లో ఉండాలి, లేదా బస్సు వెళ్లిపోతుండాలి, లేదా వెనక ఎవడైనా తరుముతుండాలి. ముందుకు వెళ్లడం కోసం పరిగెత్తే ఆడమనిషి బొమ్మ ఆయన కంటిలో అప్పటికి లేదు. మంగళసూత్రాలు జాకెట్టులోకి దోపి పిన్ను పెట్టుకోవడం, చున్నీ భుజాలకు రెండు పక్కలా పిన్నులు గుచ్చుకోవడం, తర్వాత ఎప్పటికో ఆ చున్నీని ఇంట్లోనే వదిలేయడం, ఇవన్నీ ఒక్కో మెట్టు. చున్నీ వదలడానికి నాకు రెండేళ్లు పట్టింది. మా అమ్మాయికి ఆ రెండేళ్ల సంగతి చెబితే నవ్వుతుంది. నవ్వనివ్వండి, అదే మనకు కావలసింది.

ఈ మెట్ల మధ్య దెబ్బలూ ఉన్నాయి. ఒక చలికాలం పొద్దున, ఇంకా మసకగా ఉండగానే, బైకు మీద వెనక నుంచి వచ్చినవాడు నా వీపు మీద చరిచి, బూతు మాట అని వెళ్లిపోయాడు. దగ్గరలోని స్టేషన్‌కి వెళ్లాను. కాగితం తీసుకున్నారు. తీసుకుంటూ, "ఆ చీకట్లో మీకేం పని మేడం?" అన్నారు. ఆ మాట అన్నాయన దురుసుగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. కానీ మా అమ్మమ్మ కాలం నుంచి ఆడవాళ్లను వెంటాడుతున్న ప్రశ్న అదే. ఏం పని? పని చూపిస్తే దారి ఇస్తారు. చూపలేకపోతే జరిగినదానికి నీదే బాధ్యత.

ఈ ప్రశ్న మీద మన దేశంలో స్త్రీలు గట్టిగానే ఆలోచించారు. 2003లో బెంగళూరులో మొదలైన బ్లాంక్ నాయిస్ బృందం వీధి వేధింపులను చిలిపితనం అనడం మానమని అడిగింది. ముంబై మీద పరిశోధన చేసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో తెచ్చిన 'వై లాయిటర్' పుస్తకం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆడవాళ్లు బహిరంగ స్థలాల్లో ఎప్పుడూ ఏదో పని మీద ఉన్నట్టు కనిపించాలి, అందుకే వాళ్లకు కావలసింది రక్షణ ఒక్కటే కాదు, పని లేకుండా తిరిగే హక్కు అని వాళ్ల వాదన. భద్రత పేరుతో కట్టడి చేయడం ఎంత సులువో మనం చూస్తూనే ఉన్నాం. 2014 అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి, కొంత ధైర్యమూ వచ్చింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాక మాత్రం మళ్లీ జాగ్రత్తల జాబితాలు ఆడవాళ్లకే అందాయి. 2021 నవంబరులో కె.బి.ఆర్. పార్కు దగ్గర నడకకు వచ్చిన ఒక నటి మీద దాడి జరిగినప్పుడు కూడా, ఆ వేళ ఆమె ఒంటరిగా ఎందుకు వెళ్లిందని అడిగినవాళ్లను నేను విన్నాను.

ఇంతవరకు చెప్పినదంతా నాలాంటివాళ్ల కథ. ఇక్కడే ఆపేస్తే ఇది సగం చరిత్ర. నేను పార్కుకు వెళ్లే దారిలో నాకన్నా ముందే, అయిదింటికే, చీపురు చప్పుడు మొదలవుతుంది. పొడుగు కట్టెకి కట్టిన చీపురుతో వంగి, ఆకులూ దుమ్మూ కాగితాలూ కుప్ప చేస్తూ మున్సిపాలిటీ మహిళలు కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. నగరంలో అందరికన్నా ముందు వీధిలోకి వచ్చే ఆడవాళ్లు వాళ్లే. వాళ్లను ఎవరూ, ఆ చీకట్లో మీకేం పని అని అడగరు. పని ఉంది కనుక. అలాగని వాళ్లకు భద్రత ఉందా? వెళ్లడానికి మరుగుదొడ్డి ఉందా? మా దారిలో ఊడ్చే ఒకామెతో నాకు కొన్నేళ్ల స్నేహం. ఒకరోజు నేను ఆయాసంతో ఆగితే, "నువ్వు ఉర్కుతవ్, నేను ఊడుస్త. చెమట ఇద్దరికీ వస్తది గాని, నీది ఆరోగ్యమంటరు, నాది ఎవలూ సూడరు" అంది. ఆ మాటకు నేను చదివిన సిద్ధాంతాలన్నీ కలిపినా సరిపోవు. 2015 జూలైలో జీతాల కోసం జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. ఆ సమ్మెతో నెలకు 8,500 రూపాయల జీతం 12,500 అయింది, కానీ ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. వీధుల్లో చెత్త పేరుకున్న ఆ రోజుల్లో పార్కుల్లో చర్చ వాసన గురించి జరిగింది, జీతం గురించి జరగలేదు.

తెల్లవారుజాము రోడ్డు ఇద్దరినీ ఒకేలా చంపుతుంది కూడా. 2022 జనవరి 30న కరీంనగర్ కమాన్ దగ్గర మైనర్లు నడిపిన కారు పొద్దున్నే దూసుకొచ్చి, రోడ్డు పక్క గుడిసెల ముందు పనిలో దిగుతున్న నలుగురు స్త్రీలను చంపింది. కొలిమి పని చేసుకునే కుటుంబాలవి. 2023 జూలై 4న హైదరాబాదు శివార్లలో, బండ్లగూడ సన్‌సిటీ దగ్గర, ఉదయం నడకకు వెళ్లిన తల్లీకూతుళ్లను ఇంకో కారు చంపింది. ఒకచోట పని, ఒకచోట నడక. రెండుచోట్లా నడిచేవాళ్లకు చోటు ఇవ్వని రోడ్డు, ఖాళీ వేళలో ఎంత వేగంగానైనా పోవచ్చనుకునే కారు. కాలిబాట లేని నగరంలో ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి మాట్లాడటం ఎంత కష్టమో ఈ రెండు తేదీలూ చెబుతాయి.

వాకర్లు అనే కొత్త జాతి ఏర్పడ్డాక ఆ పేరుకు కొంత బలం వచ్చింది. దాన్ని ఎటు వాడామన్నది కూడా రాసుకోవాలి. 2016లో ఫ్లైఓవర్ల కోసం కె.బి.ఆర్. పార్కు చుట్టూ చెట్లు కొట్టబోతే, రోజూ అక్కడ నడిచేవాళ్లు, వాళ్లలో ఎంతోమంది స్త్రీలు, చేతులు పట్టుకుని చెట్ల పక్కన నిలబడ్డారు. హరిత ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. పొద్దున నడిచే అలవాటు ఆ రోజు పౌరహక్కు అయింది. మరుసటి ఏడాదే ఇందిరా పార్కు దగ్గర దీనికి తలకిందులుగా జరిగింది. అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు, బీడీ కార్మికులు కూర్చుని తమ గోడు చెప్పుకున్న ధర్నా చౌక్‌ని అక్కడినుంచి తీసేయాలని, వాకర్లకూ స్థానికులకూ ఇబ్బందిగా ఉందని అన్నారు. 2017 మే 15న ధర్నా చౌక్ కావాలన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ ఘర్షణ జరిగింది. వద్దన్నవాళ్ల వరసలో మఫ్టీలో ఉన్న మహిళా పోలీసు కూడా ప్లకార్డు పట్టుకుని కూర్చుందని పత్రికలు ఫొటోలతో రాశాయి. 2018 నవంబరులో హైకోర్టు అక్కడ మళ్లీ ధర్నాలకు అనుమతి ఇచ్చింది. నడిచే ఆడదాని సౌఖ్యం పేరు చెప్పి, కూర్చున్న ఆడదాన్ని లేవగొట్టాలని చూడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక వీధిలో ఒకామె ఆరోగ్యం కోసం పరిగెత్తొచ్చు గానీ ఇంకొకామె జీతం కోసం కూర్చోకూడదంటే, ఆ వీధి ఇద్దరిదీ కాదు. అనుమతి ఇచ్చేవాడిది.

అందుకే పరిగెత్తే ఆడవాళ్లను చూసి స్వేచ్ఛ వచ్చేసిందనుకోవడానికి నాకు మనసొప్పదు. మనకు దొరికింది ఒక గంట. అది కూడా గేటు లోపల, పాసు కొనుక్కుంటే, జబ్బు ఉంటే. చూసినవాళ్లు మంచి కుటుంబం ఆడవాళ్లు అనుకునేలా ఉంటే. ఆ గంటను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ గంటలో స్నేహాలు పుట్టాయి. మొగుడి చేతి దెబ్బలు మొదటిసారి బయటికి చెప్పుకున్నది పార్కు బెంచీ మీదే అని నాకు ఇద్దరు ఆడవాళ్లు చెప్పారు. అమ్మమ్మ కాలం తుమ్మచెట్ల పని ఇప్పుడు పార్కులో కానుగచెట్లు చేస్తున్నాయి. నా శరీరం నాదని నాకు తెలిసింది కూడా పుస్తకాల్లో చదివినప్పుడు కాదు, నాలుగో కిలోమీటరు దగ్గర ఊపిరి కుదురుకుని కాళ్లు వాటంతట అవే పోతున్నప్పుడు.

కొత్త పిల్లలు వస్తున్నారు. విశాఖపట్నం జ్యోతి యర్రాజి 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. ఆమె తల్లి ఇళ్లలో పని చేసి, ఆసుపత్రిలో శుభ్రం చేసే పని చేసి కూతురిని పెంచింది. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ దీప్తి జీవాంజి 2024లో ప్రపంచ పారా పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఊరు తన బిడ్డను వెక్కిరించిందని ఆ తల్లిదండ్రులు చెప్పుకున్న సంగతి పేపర్లలో వచ్చింది. ఇప్పుడు అదే ఊరు గర్వపడుతోంది. పతకం వస్తే ఊరు మారుతుందని ఇది చెబుతోంది. పతకం రాని లక్షలమంది ఆడపిల్లల కోసం ఊరు మారడం ఎలాగన్నది ఇంకా మన ముందున్న పని.

ఆ పని పెద్ద మాటలతో జరగదు. పార్కులో, పార్కు దారిలో శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. అవి పాసు ఉన్నవాళ్లకూ ఊడ్చేవాళ్లకూ ఒకటే కావాలి. తెల్లవారేదాకా వెలిగే దీపాలు, నడవగలిగిన కాలిబాటలు కావాలి. బస్తీల్లో ఉన్న కాస్త ఖాళీ జాగా క్రికెట్ మగపిల్లలకే కాక ఆడపిల్లలకూ దక్కాలి. బళ్లలో పెద్దమనిషి అయిన పిల్లకు డ్రిల్లు పీరియడు ఆగకూడదు. స్టేషన్‌లో మొదటి ప్రశ్న మారాలి. వీటితో పాటు మనం, రాసేవాళ్లం, చేయవలసిన పని ఒకటుంది. మన అమ్మలు, అమ్మమ్మలు, మన వీధి ఊడ్చే స్త్రీలు తెల్లవారుజాముల్లో ఎక్కడికి నడిచారు, ఎందుకు నడిచారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది వాళ్ల నోటితోనే విని రాసిపెట్టాలి. నా విద్యార్థినులకు ఏటా ఈ పని అప్పగిస్తున్నాను. పోయిన ఏడాది ఒక అమ్మాయి తన నాయనమ్మను, "నీకు ఊరికే పరిగెత్తాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగిందట. నాయనమ్మ చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత, "అనిపించిందే. అందుకే లేగదూడ తప్పించుకుపోయిన రోజున నేనే పోతానని లేచేదాన్ని" అన్నదట.